శివరాంపల్లి నుంచి పోచంపల్లి దాకా: పేదోళ్లను అడిగిన ఒక్క మాట



శంషాబాద్ నుంచి పట్నం పోయేటప్పుడు ఆరాంఘర్ దగ్గర శివరాంపల్లి వస్తది గదా. 1951 ఏప్రిల్‌లో అక్కడ సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి వినోబా భావే వార్ధా దిక్కు నుంచి దాదాపు 300 మైళ్లు నడిచి వచ్చిండు. సభ అయినంక కూడా రైలెక్కలేదు. నల్లగొండ ఊర్ల దిక్కు మళ్లీ నడక పట్టిండు. అప్పుడు తెలంగాణల సాయుధ పోరాటం నడుస్తున్నది. ఊర్లల్ల రాత్రి ఒక భయం, పగలు ఒక భయం.

ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిండు. దళితవాడకు పోయి, మీకేం కావాలని అడిగిండు. వాళ్లు భూమి కావాలన్నరు. ఎంత అంటే లెక్క చెప్పిన్రు: 40 కుటుంబాలకు 80 ఎకరాలు, సగం తరి, సగం ఖుష్కి. సర్కారు ఇయ్యకపోతే ఊర్లెవరన్న ఇస్తరా అని ఆయన సభల అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూదానం అక్కడనే మొదలైంది.

తర్వాత సంగతి కూడా చెప్పుకోవాలె. దేశమంతా 5 కోట్ల ఎకరాలు సేకరించాలని లక్ష్యం పెట్టుకున్నరు. 40 లక్షల ఎకరాలకు పైనే దానపత్రాలు వచ్చినయి. కానీ అందుల రాళ్ల భూములు, కోర్టు భూములు చాలా ఉండె. పేదోని చేతికి రాకుండనే ఆగినవి మస్తు. పోచంపల్లిల లెక్క పేదోళ్లు చెప్పిన్రు. తర్వాత లెక్క పైనుంచి వచ్చింది. నాకు తోచిన తేడా ఇదే.

ఇప్పుడు మన సంగతి. 2008 మార్చిల విమానాశ్రయం మొదలైంది. దానికింద 5 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ ఇక్కడ చదువు, ఆరోగ్యం, వృత్తి శిక్షణ పనులు చేస్తున్నది. ఇంకా వేరే సంస్థలు కూడా వస్తుంటయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలె. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇయ్యాలని కూడా ఆ చట్టంలనే ఉన్నది. అంటే మనం చేతులు కట్టుకొని నిలబడాల్సిన పని లేదు.

మా ఊరికి ఒకసారి ఎవరో వచ్చి స్కూలు బ్యాగులు పంచి, ఫొటోలు దిగి పోయిన్రు. మా ఆడపిల్లలకు కావాల్సింది కాలేజీకి పోను బస్సు. వాళ్లు అడగలేదు, నిజమే. మనం చెప్పినమా? మేం కూడా చెప్పలేదు.

అందుకే గ్రామసభల కూసొని రాసుకుందాం. ఎన్ని ఇండ్లు, భూమి పోయి కూలికి పోతున్నోళ్లు ఎందరు, ఏం కావాలె, ఎంత కావాలె. కౌలుదార్లను, భూమి లేనోళ్లను ముందు మాట్లాడనియ్యాలె. వాళ్ల మాట మన పెద్దమనుషులమే వినకపోతే, బయటోళ్లు వినలేదని ఏ మొఖంతోని అంటం?

ఆ 40 కుటుంబాలకు తమ లెక్క తెలుసు. మీ ఊరి లెక్క మీరు రాసుకోన్రి.