తీపిని ఇచ్చే ఆకు, తీపిని హరించే ఆకు

కర్నూలు, కడప ప్రాంతాల పల్లెలలో కంచెల మీద అల్లుకొనే గురివింద తీగను ఎరుగనివారు అరుదు. ఎర్రని ఒంటిమీద నల్లని మచ్చగల దాని గింజలతో వెనుకటి కంసాలులు బంగారం తూచేవారు. గింజకున్న ప్రసిద్ధి ఆకుకు లేదు. కాని ఆ ఆకులో తీపి ఉన్నది. ఇక నల్లమల, శేషాచల శ్రేణులలో పొదల మీద పాకే పొడపత్రి అనే మరొక తీగ ఉన్నది. దాని ఆకును నమిలి, తరువాత చక్కెర నోట వేసుకొంటే ఇసుక నమిలినట్లు ఉంటుంది. ఒకటి చక్కెర లేకుండానే తీపిని ఇచ్చేది. రెండవది చక్కెర ఉన్నా తీపిని హరించేది. ఈ రెండింటి చరిత్ర తెలుసుకోదగినది.

మధుమేహం గలవారికి చక్కెరకు బదులుగా నేడు సంతలో దొరికే పదార్థాలలో ‘సన్న్యాసి పండు’ సారం ఒకటి. ఈ పండు పుట్టిల్లు దక్షిణ చైనాలోని గ్వాంగ్సీ కొండసీమ. చైనావారు దీనిని ‘లువో హాన్ గువో’ అంటారు. లువో హాన్ అనగా బౌద్ధ అర్హతుడు. గువో అనగా పండు. ఇది దోస, కాకర, ఆనపల కుటుంబానికి చెందినదే. అక్కడివారు ఎండిన కాయను నీటిలో కాచి దగ్గుకు, గొంతునొప్పికి తాగేవారు. 1941లో స్వింగిల్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. 1975లో లీ అనే పరిశోధకుడు ఇందులోని తీపి పదార్థాన్ని వేరు చేశాడు. 1983లో జపాను శాస్త్రజ్ఞుడు తాకెమోతో, ఆయన సహచరులు దాని అణునిర్మాణాన్ని తేల్చారు. ఆ పదార్థాలకే మోగ్రోసైడులని పేరు. వాటిలో ముఖ్యమైనది చక్కెరకంటె సుమారు 250 రెట్లు తీయన. చిటికెడు చాలును గనుక దానివల్ల శరీరానికి చేరే శక్తి లెక్కకు రాదు.

ఈ తీగను రాయలసీమలో పెంచవచ్చునా? చల్లని, తేమగల కొండవాలు దీనికి కావాలి. పాలంపూరులోని హిమాలయ జీవసంపద సాంకేతిక సంస్థ దీనిని తెప్పించి, 2021లో హిమాచలప్రదేశ్‌లోని కులూ లోయలో నాటి పరీక్షించడం ప్రారంభించింది. ఏటా 600, 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడి, వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప నేలలు దానికి తగినవి కావు. కాబట్టి ఈ నేలలో తమంతట తాము పెరిగే మొక్కలలో ఏమున్నదో చూడడం ఉచితం.

గురివింద ఆకు తీపి కొత్తగా తెలిసినది కాదు. ఉత్తరాదిన కొన్నిచోట్ల తాంబూలంలో ఈ ఆకును కలుపుకొంటారు. అతిమధురం వేరులో ఉండే పదార్థమే ఈ ఆకులోనూ ఉన్నదని చాలాకాలం భావించారు. 1989లో అమెరికాలో కింగ్‌హార్న్, ఆయన సహచరులు ఆ తీపికి కారణమైన నాలుగు పదార్థాలను వేరు చేసి, వాటికి అబ్రుసోసైడులని పేరు పెట్టారు. అవి చక్కెరకంటె 30 నుండి 100 రెట్లు తీయన. చైనా పండులోని మోగ్రోసైడుల వలెనే ఇవికూడ ట్రైటెర్పీన్ గ్లైకోసైడుల జాతివి. ఎక్కడో చైనా కొండలలోని కాయకు, ఇక్కడి కంచె మీది ఆకుకు ఇట్టి రసాయనబంధుత్వం ఉండడం ఆశ్చర్యకరం. అయినా పరిశోధనశాలలో తేలిన తీపి వంటగదికి చేరలేదు. పైగా అదే తీగ గింజలో అబ్రిన్ అనే ఘోరవిషం ఉన్నది. బాగా నమిలి మింగిన గింజ ఒక్కటైనా ప్రాణాపాయం తేగలదు. కనుక పిల్లలు ఈ తీగతో ప్రయోగాలు చేయరాదు.

పొడపత్రి కథ వేరు. కాయ పొట్టేలు కొమ్మువలె ఉంటుంది గనుక సంస్కృతంలో దీనిని మేషశృంగి అన్నారు. తీపిని చంపుతుంది గనుక మధునాశిని అన్నారు. హిందీలో ‘గుడ్‌మార్’ అనగా బెల్లాన్ని చంపేది. ఆకు చేసే పని అంతా పేరులోనే ఉన్నది. పాశ్చాత్యశాస్త్రానికి ఈ సంగతి 1847లో అందింది. ఎడ్జ్‌వర్త్ అనే ఉద్యోగి ఈ ఆకు నమిలిన తరువాత తేనీటిలో చక్కెర రుచి తెలియకపోవడం గమనించాడు. 1887లో నీలగిరులలోని ఉదకమండలంలో డేవిడ్ హూపర్ ఆకునుండి జిమ్నెమిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. అది ఎట్లు పనిచేస్తుందో తెలియడానికి మరొక శతాబ్దం పైగా పట్టింది. నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకం రెండు ప్రోటీనుల జంట అని 2001 ప్రాంతంలో తేలింది. ఆ జంటలో ఒకదానికి జిమ్నెమిక్ ఆమ్లం అంటుకొని తీపి సంకేతాన్ని ఆపుతున్నదని 2014లో జపాను పరిశోధకులు చూపారు. చక్కెర, మోగ్రోసైడులు ఆ గ్రాహకాన్నే మేల్కొలుపుతాయి. పొడపత్రి దానిని అరగంటో గంటో నిద్రపుచ్చుతుంది.

ఈ ఆకు రక్తంలోని చక్కెరను తగ్గిస్తుందా అన్నది వేరే ప్రశ్న. 1930లో మ్హాస్కర్, కైయస్ అనేవారు దీనిని పరీక్షించి కొంత ఫలితం ఉన్నదని ప్రకటించారు. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు 22 మంది మధుమేహరోగులకు ఆకు సారాన్ని 18 నుండి 20 నెలలపాటు ఇవ్వగా, ఐదుగురు తమ మందులు మానగలిగారు. ఫలితం ఆశాజనకమే గాని 22 మంది చాలా స్వల్పసంఖ్య. దానిని నమ్ముకొని వైద్యుడు చెప్పిన మందునుగాని, ఇన్సులిన్‌నుగాని మానివేయడం ప్రమాదకరం. ఆకు నాలుకను మరపించడం రుజువైన సత్యం. రోగాన్ని మాన్పడం ఇంకా రుజువు కావలసిన సంగతి. ఈ రెండింటిని కలిపివేయడం వల్లనే అనేకులు మోసపోతున్నారు.

ఉపాధ్యాయులు మొక్కను బాగా ఎరిగినవారిచేత పొడపత్రిని గుర్తింపజేసి, కడిగిన ఆకు ఒకటి తాము నమిలి, పిమ్మట చక్కెర, ఉప్పు, చింతపండు వరుసగా రుచి చూసి ఫలితాన్ని తరగతిలో చెప్పవచ్చును. ఉప్పు ఉప్పగానే, పులుపు పుల్లగానే ఉండి, తీపి ఒక్కటే మాయమవుతుంది. ఒక్కొక్క రుచికి నాలుక మీద వేర్వేరు ద్వారమున్నదని చెప్పడానికి ఇంతకు మించిన పాఠం లేదు. ‘మధునాశిని’ అని పేరు పెట్టిన పూర్వులు చేసిన పరీక్షకూడ ఇదే.