మనవల కోసం దాచిన చమురు

1946 జూన్ 30న కువైట్ పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబిర్ వెండితో చేసిన ఒక చక్రాన్ని తిప్పారు. గొట్టాల్లోంచి వచ్చిన ముడిచమురు ‘బ్రిటిష్ ఫ్యూజిలియర్’ అనే నౌకలోకి చేరింది. ఆ దేశం నుంచి చమురు ఎగుమతి కావడం అదే మొదలు. 2026 జూన్ 30తో దానికి ఎనభై ఏళ్లు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి ప్రాంతాల్లోనూ గోదావరి జిల్లాల్లోనూ కువైట్ దినార్లతో లేచిన మేడలు, జరిగిన పెళ్లిళ్లు ఎన్నో. ఆ దినార్ల వెనక ఉన్న ఖజానా కథ తెలుసుకోవాల్సిన అవసరం మనకూ ఉంది.

చమురుకు ముందు రెండు శతాబ్దాల పాటు ఆ ఊరు సముద్రాన్నే నమ్ముకుంది. వేసవిలో ముత్యాల వేట, మిగతా కాలంలో ఓడ వ్యాపారం. బస్రా ఖర్జూరాలు వేసుకుని అక్కడి ఓడలు కరాచీ, బొంబాయి, కాలికట్ వచ్చేవి. ఓడలు కట్టడానికి కావాల్సిన టేకు మలబారు నుంచే వెళ్లేది. 1961లో దినారు వచ్చేదాకా అక్కడ చెల్లింది మన దేశం జారీ చేసిన రూపాయలే. 1920ల చివర జపాన్ సాగు ముత్యాలు, వెంటనే ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ముత్యాల వ్యాపారాన్ని ముంచేశాయి. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. ప్రపంచయుద్ధం వల్ల ఎగుమతికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

ఒకే సరుకు మీద బతికితే ఏమవుతుందో ముత్యాల దెబ్బతో తెలిసొచ్చిన తరం అది. 1953లో, స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్ల ముందే, షేక్ అబ్దుల్లా అల్ సాలిం హయాంలో లండన్‌లో ఒక పెట్టుబడుల మండలి ఏర్పడింది. చమురు డబ్బును దేశం బయట మదుపు చేయడమే దాని పని. ప్రపంచంలో తొలి సార్వభౌమ నిధిగా దాన్నే చెబుతారు. 1976లో మరో అడుగు వేసి ‘భావి తరాల నిధి’ పెట్టారు. అప్పటికి ఉన్న సాధారణ నిల్వలో సగం అందులో వేశారు. ఏటా ప్రభుత్వ రాబడిలో 10 శాతం తప్పక జమ చేయాలనీ, దాన్ని ముట్టుకోకూడదనీ చట్టం చేశారు. ఇంకా పుట్టని బిడ్డల పేరిట అంత దూరదృష్టితో డబ్బు దాచిన దేశాలు అప్పటికి దాదాపు లేవు. ఆ గౌరవం కువైట్‌కు దక్కాల్సిందే.

కానీ అదే కాలంలో, అదే ఊళ్లో, ఇంకో అలవాటు కూడా పెరిగింది. దాన్ని చూడాలంటే సూఖ్ అల్ మనఖ్ అనే అనధికార షేర్ల బజారుకు వెళ్లాలి.

ఒకప్పుడు ఒంటెల బేరాలు జరిగిన చోట కట్టిన ఏసీ భవనం అది. 1973 తర్వాత చమురు ధర పెరిగి దేశంలోకి డబ్బు వరదలా వచ్చింది. అధికారిక స్టాక్ మార్కెట్‌లో పాత సంపన్న కుటుంబాల పెత్తనం నడిచేది. 1977లో ఆ మార్కెట్ ఒకసారి పడింది. ప్రభుత్వం ఖజానా తెరిచి షేర్లు కొని, పడిపోతున్న ధరలను నిలబెట్టింది. ఆపైన కొత్త కంపెనీలకు అనుమతులు బిగించింది. అయితే షేర్లు కొనేవాళ్లకు మాత్రం ఒక నమ్మకం మిగిలింది: నష్టం వస్తే సర్కారు చూసుకుంటుంది. కువైట్ తర్వాతి చరిత్రంతా ఆ నమ్మకం చుట్టూనే తిరిగింది.

కొత్త డబ్బున్న వాళ్లంతా మనఖ్ బాట పట్టారు. బహ్రెయిన్‌లోనో ఎమిరేట్స్‌లోనో నమోదైన కంపెనీల షేర్లు అక్కడ చేతులు మారేవి. వాటిలో కొన్నిటికి చెప్పుకోదగ్గ వ్యాపారమే లేదు. కొనేవాడు నగదు ఇవ్వడు, రాబోయే తేదీ వేసిన చెక్కు ఇస్తాడు. ఇవాళ వంద ఉన్న షేరుకు ఏడాది తర్వాతి తేదీతో రెండు వందలకు చెక్కు రాస్తాడు. ఆలోపు ధర అంతకు మించి పెరుగుతుందని ధీమా. నిజానికి కువైట్ చట్టం ప్రకారం చెక్కు మీద ఏ తేదీ ఉన్నా దాన్ని ఎప్పుడైనా బ్యాంకులో వేయవచ్చు. మాట మీద గౌరవంతో ఎవరూ వేసేవారు కాదు. మన ఊళ్లలో చీటీలు ముఖం చూసి నడిచినట్టే, అంతా ముఖపరిచయం మీద నడిచింది.

1982 నాటికి షేర్ల మొత్తం విలువలో కువైట్ మార్కెట్ అమెరికా, జపాన్‌ల తర్వాత మూడో స్థానానికి చేరిందని చెప్పుకునేవారు. బంగాళాఖాతం చుట్టూ కోట్ల జనం ఉన్న దేశాలు ఆ దరిదాపుల్లో లేని రోజులవి. కువైట్ జనాభా చూస్తే పదిహేను లక్షల చిల్లర. అంతకుముందు పాస్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన ఒక యువకుడు రాసిన చెక్కుల మొత్తమే వెయ్యి కోట్ల డాలర్లు దాటింది.

ఆ ఏడాది ఆగస్టులో ఒకరు చెక్కును గడువుకు ముందే బ్యాంకులో వేశారు. అది చెల్లలేదు. ఇక రోజుల్లోనే అంతా కూలింది. మిగిలిన చెక్కులన్నీ క్లియరింగ్ కంపెనీలో నమోదు చేయించమని ప్రభుత్వం ఆదేశించింది. సుమారు ఆరు వేల మంది రాసిన దాదాపు 29 వేల చెక్కులు తేలాయి. వాటి మీద రాసి ఉన్న మొత్తం 9,400 కోట్ల డాలర్లు. దేశంలో ఏటా జరిగే ఉత్పత్తికి అది ఎన్నో రెట్లు.

చిన్న మదుపరుల కోసం ప్రభుత్వం 50 కోట్ల దినార్ల నిధి పెట్టింది. ఆర్థిక మంత్రి అబ్దుల్ లతీఫ్ అల్ హమద్ అడ్డం తిరిగారు. జూదంలో పోయిన డబ్బును ప్రజాధనంతో పూడ్చడం సరికాదన్నది ఆయన పట్టు. ఆ మాట గెలవలేదు. 1983లో ఆయన రాజీనామా చేసి వెళ్లిపోయారు. కువైట్ ఆర్థిక చరిత్రలో అందరికంటే ముందు తలచుకోవాల్సిన పేరు ఆయనది. 1985లో, తన మైనర్ కొడుక్కి పరిహారం దక్కేలా చూశారన్న ఆరోపణలతో న్యాయశాఖ మంత్రి తన పదవిని వదులుకోవాల్సి వచ్చింది. బ్యాంకుల్లో నేషనల్ బ్యాంక్ ఆఫ్ కువైట్ తప్ప మిగతావన్నీ మొండి బాకీల్లో కూరుకున్నాయి.

1986లో చమురు ధర కుప్పకూలింది. మనవల కోసం దాచిన డబ్బు విలువ అప్పుడే కళ్లకు కట్టింది. ఆ రోజుల్లో విదేశీ పెట్టుబడుల రాబడి చమురు రాబడిని దాటింది. 1987-88లో బ్రిటిష్ పెట్రోలియంలో ఐదో వంతుకు పైగా వాటాను కువైట్ కొనేస్తే, బ్రిటన్ ప్రభుత్వం కంగారుపడి దాన్ని 9.9 శాతానికి తగ్గించమంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు ప్రవాస ప్రభుత్వాన్ని నిలబెట్టిందీ, తర్వాత తగలబడిన ఆరు వందలకు పైగా బావులను ఆర్పి దేశాన్ని తిరిగి కట్టిందీ ఆ నిధే. అందులో పెద్ద భాగం కరిగిపోయింది. విముక్తి తర్వాత, ఇంకా తీరని మనఖ్ బాకీలతో సహా, బ్యాంకుల మొండి బాకీలను ప్రభుత్వమే కొనేసింది.

ఆ తర్వాతి కథకు ఒక వరుస లేదు. ధర పెరిగితే సంస్కరణ మాట మరుగున పడుతుంది, తగ్గితే కమిటీలు వస్తాయి. 2011లో పౌరులందరికీ తలా వెయ్యి దినార్లు, ఏడాదికి పైగా ఉచిత రేషన్ ఇచ్చారు. 2016లో పెట్రోలు ధర పెంచితే గొడవ రేగి పార్లమెంటు రద్దు దాకా వెళ్లింది. 2017లో ‘న్యూ కువైట్ 2035’ ప్రణాళిక ప్రకటించారు. అదే ఏడాది అప్పు చేయడానికి వీలిచ్చే చట్టం గడువు తీరింది. పార్లమెంటు కొత్తదాన్ని ఒప్పుకోలేదు. 2020లో కోవిడ్ వచ్చి చమురు ధర పడగానే, జీతాలకు కొన్ని నెలలకే నగదు ఉందని ఆర్థిక మంత్రి సభలో చెప్పారు. అర లక్ష కోట్ల డాలర్లకు పైగా ఆస్తి విదేశాల్లో ఉన్న దేశం అది! లోటు వచ్చిన ఏళ్లలో భావి తరాల నిధికి 10 శాతం జమ చేయనక్కర్లేదని ఆ ఏడాదే చట్టం మార్చారు. 44 ఏళ్ల నియమం అలా పోయింది.

2024 మేలో అమీర్ పార్లమెంటును రద్దు చేశారు. 2025 మార్చిలో 3,000 కోట్ల దినార్ల వరకు అప్పు తెచ్చుకునే చట్టం వచ్చింది. పెద్ద బహుళజాతి కంపెనీల మీద 15 శాతం పన్ను ఆ ఏడాది జనవరి నుంచే మొదలైంది. సౌదీ, ఎమిరేట్స్ 2018లోనే వేసిన వ్యాట్ కువైట్‌లో మాత్రం పదేపదే వాయిదా పడింది.

సర్దుబాటు అంటూ వచ్చినప్పుడు తేలిగ్గా మొదలయ్యేది వలస కార్మికుల దగ్గరే. 2017 అక్టోబరులో ప్రభుత్వ ఆసుపత్రుల ఫీజులు పెంచింది పరదేశీయులకే. వాళ్లు ఇంటికి పంపే డబ్బు మీద పన్ను వేయాలన్న ప్రతిపాదన సభలో ఒకటికి నాలుగుసార్లు వచ్చింది. ఇళ్లలో పనిచేయడానికి 20వ నంబరు వీసా మీద వెళ్లిన రాయలసీమ ఆడవాళ్లకు గానీ, కఫీల్ (స్పాన్సర్ యజమాని) కారు నడిపే డ్రైవర్లకు గానీ ఆ సభలో ఓటు లేదు. ఉద్యోగాలు చేసే కువైట్ పౌరుల్లో అత్యధికులు సర్కారు జీతగాళ్లే. ఆ జీతాలూ సబ్సిడీలే బడ్జెట్‌లో సింహభాగం. ఆ జీతాల మీద ఆదాయపు పన్ను ఇవాళ్టికీ లేదు.