హైదరాబాద్‌కు దూరంగా గెలిచిన కప్పు

ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఆరు సీజన్లు ఆడింది. టైటిల్ గెలిచింది ఒక్క 2021-22లోనే. 2021 నవంబరు 19న మొదలై 2022 మార్చి 20న ముగిసిన ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. కరోనా వల్ల లీగ్ మొత్తాన్నీ గోవాకు మార్చి ఫతోర్దా, బాంబోలిం, వాస్కో మైదానాల్లో నడిపించారు. ఆటగాళ్లు నెలల తరబడి హోటళ్లలో, బయట మనిషి ముఖం చూడకుండా గడిపారు. ఫైనల్ దాకా గ్యాలరీలు ఖాళీగానే ఉన్నాయి.

అప్పట్లో క్లబ్ సొంత మైదానం గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి స్టేడియం. 2002 జాతీయ క్రీడల కోసం సిద్ధం చేసిన ఆ స్టేడియానికి మెహదీపట్నం నుంచి దారి టోలిచౌకి మీదుగానే. అక్కడి గెలాక్సీ థియేటర్ దగ్గర మొదలై సెవెన్ టూంబ్స్, ఫిల్మ్‌నగర్ కూడళ్లను దాటి మల్కం చెరువు దగ్గర దిగే 2.8 కిలోమీటర్ల షేక్‌పేట ఫ్లైఓవర్‌ను సరిగ్గా ఆ సీజన్ మధ్యలో, 2022 జనవరి 1న ప్రారంభించారు. స్టేడియానికి దారి సులువైన రోజుల్లో స్టేడియంలో ఆడాల్సిన జట్టు ఊళ్లో లేదు. టోలిచౌకి అభిమానికీ జూబ్లీహిల్స్ అభిమానికీ ఆ ఏడాది ఫుట్‌బాల్ అంటే టీవీ తెరే.

ఈ నగరానికి ఫుట్‌బాల్ కొత్తగా వచ్చిన ఆట కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలో దేశంలో కలకత్తాకు దీటుగా నిలిచిన ఊరు హైదరాబాదే. ఆ ఘనత చాలావరకు ఒక బడిపంతులుది. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ చేపట్టాడు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవాడు. రెండో కాలు కూడా మొదటిదానితో సమానంగా పలకాలన్నదే దాని ఉద్దేశం. బంతిని కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకుండా చిన్న పాసులతో ముందుకు జరపడం అతని పద్ధతి.

ఫలితాలు వెంటనే వచ్చాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. డ్యూరండ్ కప్ 1950, 1954, 1957లలో వచ్చింది. 1950 డ్యూరండ్ ఫైనల్‌లో ఓడింది సాక్షాత్తు మోహన్ బగాన్. 1956-57, 1957-58లలో హైదరాబాద్ రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీని వరసగా రెండేళ్లు నెగ్గింది. అదే కాలంలో రహీం భారత జట్టుకూ కోచ్. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అతని హయాంలోనివే. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన పదకొండు మందిలో సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం, హైదరాబాదీలు యూసఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. ఆ స్వర్ణం తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

అతని తర్వాత వైభవం ఒక్కసారిగా కూలిపోలేదు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడిన జట్టు 1963లోనూ రోవర్స్ కప్ గెలిచింది, 1965-66లో సంతోష్ ట్రోఫీ రాష్ట్రానికి వచ్చింది. అయితే ఆటగాడు ఇక్కడ తయారై కలకత్తాలో పేరు తెచ్చుకోవడం అప్పటికే అలవాటైపోయింది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1966లో మహమ్మద్ హబీబ్ అదే దారి పట్టాడు. పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌పై 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ ఇతనే. సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ కూడా ఈ ఊరి బిడ్డలే, కీర్తి మాత్రం హుగ్లీ ఒడ్డున దక్కింది. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు, సొంత మైదానాలున్నాయి, టికెట్ కొని వచ్చే జనం ఉన్నారు. హైదరాబాద్ జట్టుకు ఉన్నది పోలీసు శాఖ ఇచ్చే ఉద్యోగం. శాఖ ఆసక్తి తగ్గితే ఆటను నిలబెట్టే మరో ఆధారం లేకపోయింది. ఇంత చరిత్ర ఉన్న ఊరు ఒక క్లబ్‌ను మాత్రం కట్టుకోలేకపోవడం బాధ కలిగించే విషయం. 1996లో జాతీయ లీగ్ మొదలైనప్పుడు అందులో హైదరాబాద్ జట్టు లేదు.

ఆ లోటు 2019లో తీరింది, కానీ తీరిన తీరు వేరు. ఇంగ్లండ్‌లో క్లబ్ అంటే ఒక పేటలోనో, కర్మాగారంలోనో, చర్చిలోనో పుట్టి, కింది డివిజన్ల నుంచి గెలుస్తూ పైకి ఎక్కేది, చివరి స్థానాల్లో మిగిలితే మళ్లీ కిందికి జారేది. 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌లో అప్పట్లో చోటు దొరికేది ఫ్రాంచైజీ హక్కుతో. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడడంతో ఖాళీ అయిన చోటును 2019 ఆగస్టులో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని హైదరాబాద్ పేరుతో అందుకున్నారు. కొద్ది వారాలకే ఫిల్మ్‌నగర్ నుంచి నటుడు రానా దగ్గుబాటి సహయజమానిగా చేరాడు. జట్టులో చాలామంది పుణె నుంచి వచ్చినవాళ్లే. కోచ్ ఫిల్ బ్రౌన్, 2008లో హల్ సిటీని ఆ క్లబ్ చరిత్రలో తొలిసారి ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌కు చేర్చినవాడు.

తొలి సీజన్ చేదుగా సాగింది. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓటమి. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై 2-1 గెలుపుతో కాస్త ఊపిరి పీల్చుకున్నా, ఆ తర్వాత ఓటములే ఎక్కువ. 2020 జనవరిలో బ్రౌన్‌ను పంపించేశారు. 18 మ్యాచ్‌లలో రెండే విజయాలు, 10 పాయింట్లు, పట్టికలో చిట్టచివరి స్థానం. ఇంగ్లండ్‌లో అయితే కింది డివిజన్‌కు పడిపోయేది. ఇక్కడ ఆ శిక్ష లేదు కాబట్టి క్లబ్‌కు మరుసటి ఏడు కూడా అగ్రశ్రేణిలోనే చోటు దక్కింది.

ఆ వెసులుబాటును వాడుకున్నది స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్. నిజానికి అతను క్లబ్ తొలి ఎంపిక కాదు. ఒప్పందం కుదిరిన ఆల్బర్ట్ రోకా బార్సిలోనా పిలుపుతో వెళ్లిపోతే, 2020 ఆగస్టు చివర్లో మనోలోను తెచ్చారు. స్పెయిన్ అగ్రశ్రేణిలో లాస్ పాల్మాస్‌కు శిక్షణ ఇచ్చిన అతను పేరున్న ఆటగాళ్ల కోసం పట్టుబట్టలేదు. ఎడమ డిఫెండర్ ఆకాశ్ మిశ్రా, కుడి డిఫెండర్ ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్లకు వరసగా మ్యాచ్‌లు ఇచ్చాడు, తప్పు చేసినా పక్కన పెట్టలేదు. గోవాలో జరిగిన 2020-21లో జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానంలో నిలిచి సెమీఫైనల్‌ను కొద్దిలో పోగొట్టుకుంది. ఏడాదిలో 10 నుంచి 29కి ఎగబాకడం కప్పుకన్నా తక్కువ సంగతేమీ కాదు.

2021-22లో 11 జట్లు, ఒక్కోదానికి 20 మ్యాచ్‌లు. పట్టికలో మొదటి స్థానానికి లీగ్ షీల్డ్, తొలి నాలుగు జట్లకు సెమీఫైనల్ బెర్తులు, ఫైనల్ గెలిచినవారికి చాంపియన్ హోదా. విదేశీయులు మైదానంలో నలుగురికి మించరాదన్న నిబంధన ఆ ఏడే వచ్చింది, అంటే కనీసం ఏడుగురు భారతీయులు ఆడాలి. అప్పటికే దేశీయ కుర్రాళ్లను పెంచుతున్న మనోలోకు అది కలిసొచ్చింది. ముందు వరుసలో నైజీరియాకు చెందిన 37 ఏళ్ల బార్తొలొమ్యూ ఒగ్బెచె, మధ్యలో బ్రెజిల్‌కు చెందిన కెప్టెన్ జావో విక్టర్.

చెన్నయిన్ చేతిలో 0-1 ఓటమితో మొదలుపెట్టిన జట్టు తర్వాతి మ్యాచ్‌లోనే డిఫెండింగ్ చాంపియన్ ముంబై సిటీని 3-1తో ఓడించింది. డిసెంబరులో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌పై 5-1తో గెలిచింది. జనవరిలో జట్లు బస చేసిన హోటళ్లలోకి కరోనా చొరబడి కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. అదే నెలలో ఈస్ట్ బెంగాల్‌పై 4-0 విజయంలో ఒగ్బెచె హ్యాట్రిక్ కొట్టాడు, ఆ ఏడాదే లీగ్ చరిత్రలో అత్యధిక గోల్స్ రికార్డునూ సొంతం చేసుకున్నాడు. ఆ సీజన్‌లో అతనివి 18 గోల్స్, జట్టువి 43. 11 విజయాలు, 5 డ్రాలు, 4 ఓటములతో 38 పాయింట్లు వచ్చాయి. 43 పాయింట్ల జంషెడ్‌పూర్‌కు షీల్డ్ పోగా, హైదరాబాద్ రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను తొలి అంచెలో 3-1తో ఓడించి, రెండో అంచెలో 0-1తో ఓడినా మొత్తం మీద 3-2తో గట్టెక్కింది.

ఫైనల్ ఫతోర్దాలో, ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. రెండేళ్ల తర్వాత గ్యాలరీలు తెరిచారు, వచ్చినవాళ్లలో అత్యధికులు పసుపు చొక్కాలు వేసుకున్న కేరళ అభిమానులు. పసుపు హైదరాబాద్ రంగు కూడా. పట్టికలో పైనున్న జట్టుగా ఆ రంగు హైదరాబాద్‌కే దక్కడంతో బ్లాస్టర్స్ నలుపు వేసుకుని దిగారు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు కె.పి. రాహుల్ పెనాల్టీ బాక్స్ బయటి నుంచి కొట్టిన షాట్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిని దాటి వలలో పడింది. ఇరవై నిమిషాల పాటు కప్పు కేరళదే అనిపించింది. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా బాక్స్ అంచు నుంచి, తన వైపు వచ్చిన బంతిని ఆపకుండానే తన్ని స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో గోల్ రాలేదు. మిగిలింది పెనాల్టీ షూటౌట్.

కట్టిమణికి ఈ మైదానంలో పాత గాయం ఒకటుంది. 2015 ఫైనల్ ఇక్కడే జరిగింది. అప్పుడు ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్‌గా ఉన్న అతని చేతుల మీదుగా 90వ నిమిషంలో బంతి సొంత గోల్‌లోకి వెళ్లింది, మరో రెండు నిమిషాల్లో చెన్నయిన్ కప్పు ఎగరేసుకుపోయింది. ఆరేళ్ల తర్వాత అదే మైదానంలో అతను ముందుగా కేరళ ఆటగాడు లెస్కోవిచ్ షాట్‌ను ఆపాడు. నిషు కుమార్ కిక్‌నూ ఆపాడు, కానీ గీత దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్లీ తన్నించాడు. దాన్నీ ఆపాడు. హైదరాబాద్ తరఫున సివేరియో గురి తప్పినా, జావో విక్టర్, ఖస్సా కమారా గోల్స్ చేశారు. జీక్సన్ సింగ్ షాట్ కూడా కట్టిమణి చేతుల్లో ఆగాక, హాలిచరణ్ నర్జారీ కొట్టిన బంతితో 3-1 తేడాతో టైటిల్ ఖాయమైంది. కట్టిమణి, తవోరా గోవా వాళ్లు, నర్జారీ అస్సాం కుర్రాడు. ఆకాశ్ ఉత్తరప్రదేశ్, ఆశిష్ సిక్కిం. చాంపియన్ జట్టుకు పేరిచ్చిన ఊరు ఒకప్పుడు దేశానికి ఆటగాళ్లను పంపింది, ఈసారి దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లను తెచ్చుకుంది.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగివచ్చి 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం సాధించింది. సెమీఫైనల్‌లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడింది. ఆ వేసవిలో మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆ వెంటనే డబ్బు కష్టాలు ముదిరాయి. బకాయిల వివాదాలపై ఫిఫా కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధించింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతోనే జట్టును నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. రహీం జీవితంపై అజయ్ దేవగణ్ నటించిన హిందీ చిత్రం ‘మైదాన్’ విడుదలైంది ఆ సీజన్ ముగుస్తున్న 2024 ఏప్రిల్‌లోనే.

తర్వాత క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వచ్చింది. 2024-25లో కూడా జట్టు పట్టిక అడుగు భాగంలోనే ఉంది. ఈలోగా భారత జట్టు కోచ్‌గా నియమితుడైన మనోలో తన తొలి మ్యాచ్‌ను 2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలిలోనే, మారిషస్‌పై ఆడించాడు. అది 0-0 డ్రా. ఆ ఏడాది చివరి రోజు సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది, కేరళపై పశ్చిమ బెంగాల్ 1-0తో గెలిచింది.

2025 అక్టోబరులో యాజమాన్యం క్లబ్‌ను ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చింది. ఇంగ్లండ్‌లో 2003లో వింబుల్డన్ క్లబ్‌ను లండన్ నుంచి మిల్టన్ కీన్స్‌కు తరలిస్తే అభిమానులు ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాదే, తరలింపునకు అనుమతి రాగానే, తమ సొంత క్లబ్ పెట్టుకుని తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టారు. హైదరాబాద్ ఎఫ్‌సీ వెళ్లాక నగరంలో జాతీయ స్థాయిలో మిగిలిన క్లబ్ శ్రీనిధి దక్కన్. విశాఖపట్నంలో పుట్టి ఇక్కడికి వచ్చిన ఆ జట్టు 2021-22లో ఐ-లీగ్ అనే మరో జాతీయ లీగ్‌లో అడుగుపెట్టింది, 2022-23, 2023-24 సీజన్లలో రెండో స్థానంలో నిలిచింది.