డయాన్ కారోల్: ఆదర్శ పాత్రను దాటి

అమెరికా టెలివిజన్‌లో ఒక నల్లజాతి నటి పనిమనిషి వేషంలో కాకుండా కథానాయికగా వారం వారం కనిపించిన తొలి ధారావాహికగా 'జూలియా'ను చెబుతారు. ఎన్‌బీసీ దాన్ని 1968 సెప్టెంబరులో మొదలుపెట్టింది. డయాన్ కారోల్ పేరు ఇప్పటికీ అందులోని నర్సు జూలియా పాత్రతోనే ముడిపడి ఉంది. అయితే ఆమె నటజీవితాన్ని మొత్తంగా చూస్తే, ఆ పాత్రను సంపాదించడం కన్నా అది బిగించిన 'ఆదర్శ నల్లజాతి స్త్రీ' అనే చట్రంలోంచి బయటపడడమే పెద్ద విజయమని నా అభిప్రాయం.

ఆ చట్రం ఒక్కరోజులో తయారైంది కాదు. 1950లో టెలివిజన్‌కు వచ్చిన 'బ్యూలా'లో నల్లజాతి స్త్రీ తెల్లవారి ఇంట్లో పనిమనిషి. మరుసటి ఏడాది వచ్చిన 'ఏమస్ అండ్ ఆండీ' నల్లవారిని నవ్వులపాలు చేస్తోందని పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ గట్టిగా అభ్యంతరం చెప్పింది. రంగస్థలం కాస్త నయం. 1935లో న్యూయార్క్‌లో పుట్టి హార్లెంలో పెరిగిన కారోల్ 1954లో 'హౌస్ ఆఫ్ ఫ్లవర్స్'తో బ్రాడ్‌వేలో అడుగుపెట్టారు. 1962లో సంగీతకర్త రిచర్డ్ రాడ్జర్స్ ఆమెను దృష్టిలో పెట్టుకునే 'నో స్ట్రింగ్స్' రూపొందించారు. పారిస్‌లోని ఒక మోడల్‌కూ తెల్లజాతి రచయితకూ మధ్య ప్రేమకథ అది. అందులో ఆమె రంగు ప్రస్తావన దాదాపు రాదు. చాలా రాష్ట్రాల్లో వర్ణాంతర వివాహాలు ఇంకా చట్టవిరుద్ధమైన రోజులవి. ఆ పాత్రతోనే సంగీత నాటకంలో ఉత్తమ నటిగా టోనీ అవార్డు అందుకున్న మొదటి నల్లజాతి మహిళ అయ్యారామె.

'జూలియా' మీద వచ్చిన విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1968 ఏప్రిల్‌లోనే పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది, నగరాలు తగలబడ్డాయి. తెరమీద జూలియా మాత్రం లాస్ ఏంజెలెస్‌లో చక్కటి ఫ్లాట్‌లో కొడుకుతో కులాసాగా ఉంది. భర్త వియత్నాం యుద్ధంలో చనిపోయాడు కనుక ఇంట్లో మగదిక్కు లేదు. నల్లజాతి తండ్రిని కథలోంచే తప్పించారని చాలామంది నొచ్చుకున్నారు. ఆ లోపాన్ని కారోల్ అప్పట్లోనే బహిరంగంగా ఒప్పుకున్నారు. కానీ ఒక అరగంట హాస్య ధారావాహిక ఒక జాతి బతుకు మొత్తాన్ని ఎందుకు మోయాలి? తెల్లవారి కుటుంబ కథలను ఎవరూ ఆ లెక్క అడగలేదు, అవి బోలెడన్ని ఉన్నాయి గనుక. తప్పు జూలియా మంచితనంలో లేదు. ఆమె పక్కన మరో నల్లజాతి కథానాయిక లేకపోవడంలో ఉంది.

86 భాగాలతో 1971లో 'జూలియా' ముగిసింది. 1974 నాటి 'క్లాడిన్' చిత్రంలో కారోల్ ఆరుగురు పిల్లల తల్లి. ప్రభుత్వ భృతి పోతుందేమోనని భయపడుతూ తెల్లవారి ఇంట్లో చాటుగా పనికి వెళ్తుంది. అదే పాత పనిమనిషి, కానీ ఈసారి కథ యజమాని ఇంట్లో కాదు, హార్లెంలో ఆమె సొంత ఇంట్లో నడుస్తుంది. అంతకుముందు దశాబ్దాల పనిమనిషి వేషాలకు ఇంతకన్నా మంచి జవాబు నాకు కనిపించదు. దానికి ఆమె ఆస్కార్ పోటీలో నిలిచారు.

1984లో 'డైనాస్టీ'లో ఆమె డామినిక్ డెవెరో అయ్యారు: ధనవంతురాలు, పొగరుబోతు, పగబట్టే మనిషి. సంపన్నుల కుట్రల సీరియల్‌లో వేషానికి చరిత్రలో చోటేమిటని అడగవచ్చు. కానీ చెడ్డగా ఉండే హక్కు కూడా సమానత్వంలో భాగమే. అదే ఏడాది ఒక నల్లజాతి కుటుంబం కథతో 'ద కాస్బీ షో' కూడా వచ్చింది, కనుక జాతి పరువు మోసే భారం ఇక ఆమె ఒక్కరిదే కాదు. 1995లో టొరంటోలో, 60 ఏళ్ల వయసులో, 'సన్‌సెట్ బులెవార్డ్' నాటకంలో వెలుగు తగ్గిన మూకీ చిత్రాల తార నోర్మా డెస్మండ్‌గా నటించారు. తెల్లజాతి తారను ఊహించుకుని రాసిన పాత్ర అది.