రికార్డు ప్లేటులో శ్రుతి ఏల ఊగును?

మా ఇంటిలో రెండు వీణ రికార్డులున్నవి. ఒకటి మా తాతగారు కొన్నది; రెండవది నేను ఈ మధ్య చాలా ధర పెట్టి తెప్పించినది. పాతది అక్కడక్కడ చిటపటమనును గాని శ్రుతి కదలదు. క్రొత్తదానిలో దీర్ఘముగా మీటిన స్వరము ఊయలవలె ఊగును. పైగా ఒక ప్రక్క గుడ్డ చించినట్టు చప్పుడు. యంత్రములింత పెరిగిన కాలములో ఇట్లేల?

ఎమిల్ బెర్లినర్ 1887లో బల్లపరుపు ప్లేటును కనిపెట్టిన తరువాత సుమారు అర్ధశతాబ్దికాలము ప్లేట్లకు ప్రాణము లక్కయే. అందులో అధికభాగము మన దేశమునుండి పోయినదే. లక్కలో రాతిపొడి కలిపి అచ్చు వేసెడివారు గనుక ఆ ప్లేట్లకు గరగర తప్పలేదు. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్ అను ప్లాస్టిక్కుతో, నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ప్లేటును వెలువరించినది. గరగర తగ్గినది, గాడి సన్నబడినది, పాట నిడివి పెరిగినది.

అయితే గాడి సన్నబడినకొలది తయారీలో ఏమరుపాటుకు చోటు లేకపోయినది. మొదట లక్కరు పూసిన అల్యూమినియం పలకపై ముల్లుతో గాడి కోయుదురు. దానికి వెండిపూత పెట్టి, విద్యుత్తుతో నికెలు పేర్చి అచ్చులు తీయుదురు. ఒక్కొక్క అచ్చు సుమారు వేయి ప్లేట్లకు అరిగిపోవును. సుమారు 150 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, 100 టన్నుల ఒత్తిడితో వినైల్ ముద్దను రెండు అచ్చుల నడుమ అదిమి, వెంటనే నీటితో చల్లార్చవలెను. వేడి చాలకపోయినను, తొందరపడినను ముద్ద గాడి గోడలను పూర్తిగా నింపదు. నా ప్లేటులోని చించుడు చప్పుడు ఇదే. చల్లారకముందే తీసినచో ప్లేటు అప్పడమువలె వంకరపోవును.

ఇక ఊగుట సంగతి. నడిమి రంధ్రము అర మిల్లీమీటరు తొలగెననుకొందము. కేంద్రమునుండి 10 సెంటీమీటర్ల దూరమున ముల్లు క్రింద గాడి వేగము నూటికి అరవంతు పెరుగుచు, తరుగుచు ఉండును. శ్రుతియు అంతే. ఒక స్వరస్థానమునకును తరువాతిదానికిని భేదము నూటికి ఆరువంతులు మాత్రమే. వీణ వినుటకు అలవడిన చెవి దీనిని సహించునా?

పాతవన్నియు మేలైనవనుట మాత్రము భ్రమ. 1973లో చమురు సంక్షోభము వచ్చి వినైల్ కరవైనప్పుడు పాత ప్లేట్లను కరిగించి మరల వాడినవారున్నారు. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినది. తరువాతి యేండ్లలో కర్మాగారములు మూతపడినవి, యంత్రములు పాత ఇనుముక్రింద పోయినవి. ఆవిరి ఎప్పుడు వదలవలెనో చేతితో ఎరిగిన పనివారు ఇండ్లకు పోయిరి. నా అభిప్రాయములో అన్నిటికన్న పెద్ద నష్టమిదే. యంత్రమును మరల పోత పోయవచ్చును.

గిరాకీ మాత్రము తిరిగి వచ్చినది. అమెరికాలో 2022లో సుమారు 4 కోట్ల 10 లక్షల వినైల్ ప్లేట్లు అమ్ముడుపోగా, కాంపాక్ట్ డిస్కులు 3 కోట్ల 30 లక్షలే. ఈలోగా, 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారము తగులబడినది. లక్కరు పలకలు చేయు ముఖ్యసంస్థలు అప్పటికి ప్రపంచములో రెండే ఉండెడివి. రెండవది జపానులో కలదు. పలకలకు ఎదురుచూపులు, ప్లేట్లకు తొందర.

దుకాణములలో 180 గ్రాముల బరువును గొప్పగా చెప్పుదురు. గాడి లోతు మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు కూడ ఉండదు. అడుగున ఎంత ప్లాస్టిక్కున్నను దానికేమి?

చివరకు నా ప్లేటు రంధ్రమును సన్నని ఆకురాయితో కొద్దిగా పెద్దది చేసి, ముల్లుచేయి ఊగకుండునంతవరకు జరిపి చూచితిని. శ్రుతి నిలిచినది. గుడ్డ చించు చప్పుడు మాత్రము అట్లే ఉన్నది.