నరసాపురం: రేవు పోయినా నిలిచిన బయానా

వశిష్ఠ గోదావరి ఒడ్డునున్న నరసాపురం కథను చాలామంది పతనగాథగా చెబుతారు. ఓడలు కట్టిన రేవు మూలపడింది, మిల్లు బట్ట వచ్చి మగ్గాలను దెబ్బతీసింది, ఇప్పుడది లేసుల ఊరు అంటారు. ఓడల మాట నిజమే. 1669-79 మధ్య బంగాళాఖాతం తీరాలు తిరిగిన థామస్ బౌరీ, ఓడల నిర్మాణానికి ఇక్కడ మంచి కలప, ఇనుము దొరుకుతాయని రాశాడు. ఊరిని ఆనుకున్న మాధవాయిపాలెంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కావు. గిడ్డంగి, గుమస్తాలు, లెక్కల పుస్తకాలు. ఇక్కడి మెత్తటి నూలుబట్ట ‘మదపొల్లం’ పేరుతో సీమకు వెళ్లింది. తర్వాత లాంకషైర్ మిల్లులు అదే పేరు పెట్టి తమ బట్ట అమ్ముకున్నాయి. ఇంతవరకూ పేచీ లేదు. కానీ రేవుతోపాటు వ్యాపారమూ పోయిందనడం సరికాదు. కంపెనీ గుమస్తాలు వాడిన పద్ధతి, అంటే ముందుగా బయానా ఇచ్చి, దళారీ ద్వారా ఇంటింటా పని చేయించుకుని, సరుకు నాణ్యత తామే తేల్చడం, లేసు వ్యాపారంలో మళ్లీ కనిపిస్తుంది.

నేతగాళ్ల నైపుణ్యమే లేసుగా మారిందని కొందరంటారు. వినడానికి బాగుంటుంది గాని, చరిత్ర అలా లేదు. లేసు అల్లిక నేర్పింది 19వ శతాబ్దపు క్రైస్తవ మిషనరీలు. మొదట నేర్చుకున్నది పేద క్రైస్తవ స్త్రీలు. అది కాపు ఇళ్లలోకి పాకడానికి దారి వేసింది ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం డెల్టాకు నీళ్లతోపాటు పడవల కాలువలూ ఇచ్చింది. వరి మీద డబ్బు చూసిన రైతు ఇంట్లో ఆడవాళ్లు పొలానికి వెళ్లకపోవడమే పరువైంది. గడప దాటని చేతులకు కొక్కెం సూది సరిగ్గా సరిపోయింది.

కంపెనీ బయానా, లేసు బయానా ఒకటేనా అని అడగవచ్చు. కావు, తేడా ఉంది. నేతగాడు డబ్బు తీసుకుని నూలు తానే కొనుక్కునేవాడు. కంపెనీ పట్టు బిగియక ముందు, బయానా తిరిగిచ్చి ఇంకొకరికి అమ్ముకునే వీలూ కొంత ఉండేది. లేసు అల్లే మనిషికి ఏజెంటు ఇచ్చేది దారం. దారం వ్యాపారిది కాబట్టి అల్లినదీ అతనిదే. బేరానికి చోటే లేదు. కాబట్టి పద్ధతి మిగలడమే కాదు, ఇంకా బిగిసింది. తీరిక వేళ పనికి అంత లెక్కెందుకని వ్యాపారుల వాదన. నరసాపురం లేసు అల్లే స్త్రీలపై సామాజికవేత్త మరియా మీస్ రాసి 1982లో వచ్చిన పుస్తకం ఆ తీరికను గంటల్లో కొలిచింది: రోజులో ఆరేడు గంటల అల్లిక, చేతికొచ్చేది రూపాయి లోపు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరును నకిలీల నుంచి కాపాడుతుంది; అల్లినవాళ్లకు దక్కాల్సిన కూలి గురించి మాత్రం ఆ గుర్తింపు ఇచ్చే చట్టంలో ఏమీ లేదు.