కొండెక్కలేక ఆగిన సండేస్కూలు బండి



గత ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల పిక్నిక్కు గురించి పెద్దలతో కూర్చున్నాం. ట్రాక్టరు ట్రక్కులో అందరినీ ఒకేసారి తీసుకెళ్దామన్నారు. మేము సందేహిస్తే ఒక పెద్దాయన, "దేవుని పిల్లలు గదా అయ్యగారూ, ఆయనే చూసుకుంటాడు" అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు ఒక చరిత్ర చెప్తాం, వినండి.

1889 జూన్ 12. ఐర్లండులో ఆర్మా అనే పట్టణం. అక్కడి మెథడిస్టు సండేస్కూలు పిల్లలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు సముద్రతీరంలోని వారెన్‌పాయింట్‌కు విహారానికి బయలుదేరారు. అనుకున్నదానికంటే ఎక్కువ మంది వచ్చారు. దాదాపు 940 మంది! పెట్టెలు పెంచి 15 చేశారు. ఆవిరి ఇంజను మాత్రం ఒక్కటే, అదీ చిన్నది. ఊరు దాటగానే 75 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు. డ్రైవరు ముందే అభ్యంతరం చెప్పాడు. స్టేషనులో మాటా మాటా పెరిగింది. వెనుక వచ్చే బండి ఇంజను సాయం తీసుకోమంటే ఆ పట్టుదలలో వద్దన్నాడు. టిక్కెట్టు లేనివారు ఎక్కకూడదని పెట్టెల తలుపులకు తాళాలు వేశారు.

కొండ అంచు ఇంకా కొద్ది దూరం ఉందనగా ఇంజను శక్తి చాలక ఆగిపోయింది. బండిని రెండు ముక్కలు చేసి, ముందు 5 పెట్టెలను పై స్టేషనులో వదిలి వద్దామనుకున్నారు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఆ బండికి ఉన్నది సాదా వాక్యూం బ్రేకు. ఇంజను గొట్టంలోంచి గాలిని లాగితేనే బ్రేకు పడుతుంది. గొట్టం విప్పితే వెనుక పెట్టెలకు ఆ బ్రేకు లేనట్టే. మిగిలిన 10 పెట్టెలకు ఆధారం చివరి పెట్టెలోని చేతిబ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు.

ముందు భాగం కదలబోతూ కొంచెం వెనక్కి జరిగింది. ఆ చిన్న తాకిడికి రాళ్లు నలిగిపోయాయి. చేతిబ్రేకు ఆపలేకపోయింది. 10 పెట్టెలు పల్లంలోకి జారి, వేగం పెరిగి, ఎదురుగా కొండెక్కుతున్న రెండో బండిని ఢీకొన్నాయి. చివరి పెట్టెలు నుజ్జయ్యాయి. 80 మంది చనిపోయారు. వారిలో పిల్లలు ఎందరో. సుమారు 260 మంది గాయపడ్డారు.

ముందు బండి వెళ్లి ఇన్ని నిమిషాలైతే వెనుక బండిని వదలడం ఆనాడు ఆ దారిలో పద్ధతి. ముందు బండి చేరిందా లేదా అన్న కబురు అక్కర్లేదు. గొట్టం తెగితే దానంతటదే పడే బ్రేకు అప్పటికే ఉంది. పెట్టమని ప్రభుత్వ తనిఖీ అధికారులు ఏళ్ల తరబడి చెప్పారు. ఖర్చని కంపెనీలు వాయిదా వేశాయి. ఈ చావుల తర్వాత మూడు నెలలు తిరగకముందే చట్టం వచ్చింది. ప్రయాణికుల బండ్లకు అలాంటి బ్రేకు, దారిలో ఒక్కో భాగంలో ఒకే బండి అన్న నియమం తప్పనిసరి అయ్యాయి. మన దేశంలో ఆవిరి బండ్ల కాలంలో వాడినదీ ఆ తరహా వాక్యూం బ్రేకే. గొలుసు లాగితే గాలి లోపలికి చొరబడి బ్రేకు పడేది.

ఆ పిల్లలు పాపం చేశారా? సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులు కారని ప్రభువే చెప్పాడు (లూకా 13). వారూ దేవుని పిల్లలే. వారి కోసం ప్రార్థించినవారూ ఉండే ఉంటారు. కాని గొట్టం విప్పింది మనుషులు. ఖర్చు చూసి వాయిదా వేసింది మనుషులు.

కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండము 22లో దేవుడే ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటివాడిదే. పిట్టగోడ కట్టడం అవిశ్వాసం కాదు, విధేయత.

2014లో, 125 ఏళ్లకు, ఆర్మాలో ఒక విగ్రహం నిలిపారు. ఇసుకలో ఆడుకోవడానికి చిన్న బకెట్టు, పార పట్టుకున్న ఆడపిల్ల అది. ఆ బకెట్టులోకి ఇసుక చేరనేలేదు.

అందుకే పెద్దాయనా, మా జవాబు ఇది. దేవుడు చూసుకుంటాడు. ఆయన చూసుకోమని మన చేతికి అప్పగించిన పిల్లలు వీళ్లు. ట్రక్కు వద్దు. బస్సు మాట్లాడదాం. డబ్బు చాలకపోతే దగ్గరి చెరువుగట్టుకే నడిచి వెళ్దాం. వచ్చే ఆదివారం దీని గురించి కలిసి ప్రార్థించి నిర్ణయిద్దాం. ఆమేన్.